కైంచీ కింది కడ్డీ

నవాగామ్, సూరత్
14-9-2003

చిరంజీవి తమ్ముడు లక్ష్మీరాజానికి, అక్క భూదేవి ఆశీర్వదించి చెప్పేది. ఇక్కడ మేమంతా ప్రాణాలతో ఉన్నాం. క్షేమం అనడానికి మాత్రం నోరు రావడం లేదు. భివండీలో నీకు పని దొరికిందని, మరదలు నీళ్లకు ఇబ్బంది పడుతోందని పక్కింటి బాలవ్వ చెప్పింది. నువ్వు ఒక్క ముక్క కూడా చెప్పి పంపలేదు.

నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. ముందు అది విను.

మా నేత కార్ఖానాకు కప్పు వేయడానికి నువ్వు మూడు దారులు చెప్పావు. హాలేమో వెడల్పు, కింద నేత సాంచాలు. నడుమ స్తంభాలు నిలిపి వెన్నుదూలం వేస్తే ఖర్చు తక్కువ గానీ సాంచాలకు అడ్డం. స్తంభాలు వద్దంటే ఈ చివరి గోడ నుంచి ఆ చివరి గోడకు పెద్ద గర్డరు వేయాలి, ఆ బరువుకు మా గోడలు చాలవు. మిగిలింది కైంచీలు, అంటే గోడ నుంచి గోడకు కూర్చునే ఇనుప త్రికోణాలు. వాటినే బిగించి, వాలుగా రేకులు వేశావు. దిగేటప్పుడు మీ బావతో, "కింది కడ్డీ ముట్టకు బావా. రెండు గోడలను పట్టుకున్నది గదే. అది తీస్తె గోడలు బయటికి వొరుగుతయి" అన్నావు. నేను నీకు చాయ్ ఇస్తూ అక్కడే ఉన్నాను.

నేను చుట్టాల పెళ్లికి కరీంనగర్ వెళ్లి వచ్చేసరికి సాంచాల మీద జకార్డులు ఎక్కాయి. పూల డిజైను నేయించే ఆ యంత్రాలకు ఎత్తు చాలదని మీ బావ నడిమి కైంచీల కడ్డీలు కోసేశాడు. నాకు చెప్పలేదు, నీకూ చెప్పలేదు. తల పైకెత్తి చూసే తీరిక నాకెక్కడిది? తొలి వానలకే గోడలు విచ్చుకుని కప్పు కూలింది. సెలవు రోజు కాబట్టి కింద ఎవరూ లేరు.

మన నేతవాళ్ల సంఘంలో మీ బావ నిలబడి, "బామ్మర్ది వెల్డింగు కచ్చా, గందుకే కూలింది" అన్నాడట. కోసిన కడ్డీలను తుక్కులో నువ్వు అప్పటికే చూశావు. తర్వాత నేనూ చూశాను. విరిగిన ఇనుము అంత నున్నగా ఉండదు. అయినా నువ్వు తల వంచుకుని, "గల్తి నాదే, మాఫ్ చేయండ్రి" అన్నావట. ఆ తర్వాత నిన్ను పనికి పిలిచినవాడు లేడు. ఉన్ ఊళ్లో నీ వెల్డింగు షాపు మూసుకుని వెళ్లిపోయావు.

అక్క కాపురం చెడుతుందని నోరు మూసుకున్నావట. నిన్నెవరు అడిగారు? నీ పేరు మట్టిలో కలిపి నా ఇల్లు నిలబెట్టమని నేను చెప్పానా? మీ బావను అడిగితే మొన్నటిదాకా ఒప్పుకోలేదు. అబద్ధమాడినవాడి మీద ఎంత మండుతోందో, దాన్ని నెత్తిన వేసుకున్న నీ మీదా అంతే మండుతోంది.

మళ్లీ కప్పు వేయాలి. సచిన్ ఊరి నుంచి ఒక మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకోబోతే వద్దని పంపించాను. స్తంభాలో, కైంచీలో నువ్వే వచ్చి చెప్పాలి. కప్పు వేశాక పుట్టింటి బట్టలు పెట్టడానికి నువ్వు రాకపోతే ఆ హాలు గడప దాటను.

నీ మీద కోపం తగ్గని అక్క,
భూదేవి

తా.క.: చేతిరాత పోల్చుకునే ఉంటావు. నాకు రాయడం రాదు, పిల్లలు చదివింది గుజరాతీ బడిలో. నేను చెబుతుంటే ఇదంతా రాసింది మీ బావే. కడ్డీలు కోసిన మాట దగ్గర కలం పడేసి లేచిపోయాడు. వచ్చి కూర్చుని రాసేదాకా నేను పొయ్యి వెలిగించలేదు. వచ్చే ఆదివారం సంఘంలో అందరి ముందూ చదివించాకే దీన్ని పోస్టు డబ్బాలో వేస్తాను. చదివేది కూడా ఆయనే.