అరచేతి పరీక్ష

లాల్‌దర్వాజా,
12-8-1974

అన్నకు,

ఎదురుగా నిలబడితే నీ ముందు నాకు నోరు లేవదు. అందుకే రాస్తున్నాను.

మన ఫ్లయింగ్ క్లబ్బు పాత విమానం తోకమీద తిరిగే ఎర్రదీపాన్ని విప్పేశాను. మొన్న పొద్దుగూకే వేళ గాలిలో ఇంకో విమానం మన విమానం మీదికి వచ్చి, వెంట్రుకవాసిలో తప్పుకుంది. ఆ పైలట్ దిగుతూనే, "మీ లైట్ తిరుగుతనే లేదు భాయ్, నాకేం కనవడలే" అని అరిచాడు.

ఆ పొద్దున దీపం బాగుందని సంతకం చేసింది నేనే. ఎండలో వెలుగు తెలియదని, నువ్వు నేర్పినట్టే గాజు మీద అరచెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. బల్బు వెలుగుతోంది, కానీ లోపలి అద్దాన్ని తిప్పే మోటారు ఆగిపోయి, వెలుగు ఒక్కవైపే పడుతోంది. అది చేతికి తెలియలేదు. నా తప్పు రిజిస్టరులో రాసేశాను.

నిన్న వదిన నీ మాట చెప్పింది. "మోటారుకు నూనె ఏసి మల్ల పెట్టమన్నడు. కొత్త రకం దీపం పెట్టాల్నంటే ఢిల్లీ నుంచి పర్మిషన్ కాయితం రావాలె, రెండు నెలలు విమానం లేవదంట. గింత దానికి లొల్లి ఎందుకు?"

లేవకపోతే లేవకపోనీ. నూనె మూడుసార్లు వేశాను, అయినా తిరగలేదు. మోటారే అక్కర్లేకుండా అన్నివైపులా మెరిసే కొత్త మెరుపుదీపం స్టోరులో పెట్టెలోనే పడి ఉంది. వర్క్‌షాపు ఇంచార్జివి, ఢిల్లీకి రాయాల్సింది నువ్వే.

పాత దీపాన్ని గోడవైపు తిప్పి, నీ టేబుల్ మీద బ్యాటరీకి కలిపి పెట్టాను. స్విచ్ వేసి అరచెయ్యి పెట్టు. వెచ్చగానే ఉంటుంది. తర్వాత కుర్చీలో కూర్చో. ఆ ఎరుపు తిరిగొచ్చి నీ ముఖం మీద పడితే, సంతకం చేస్తాను.

నీ తమ్ముడు