సునీత కోసం చేసిన ప్రార్థన

ఆదివారం, రాత్రి.

ఈ సాయంత్రం తాల్‌బగీచా పేటలో మరియమ్మగారింట ప్రార్థన కూటం. నేనే రాసి, బాణీ కట్టి పాడిన పాటల పెన్‌డ్రైవ్‌లు సంచినిండా పట్టుకెళ్లాను. ఎవరూ ఒక్కటైనా అడగలేదు. అందరి నోటా సునీత పాటే. నిన్నమొన్నటి దాకా నా కూటాల్లో కంజిర కొట్టిన పిల్ల, ఫోన్‌లో పాడి యూట్యూబ్‌లో పెట్టిందట! కడుపు మండిపోయింది.

అందుకే ముగింపు ప్రార్థనలో గొంతెత్తి, "ప్రభువా, పాటతో పేరు తెచ్చుకున్న మా చెల్లెలు సునీతను గర్వంలో పడనియ్యకు" అన్నాను. ఆమేన్ అన్నానో లేదో, ఆ పాట వినని వాళ్లు కూడా ఫోన్లు తీసి వెతకడం మొదలుపెట్టారు.

"అయ్యగారే ప్రార్థనలో పేరెత్తినారంటే మాటలేటి? నా ఫోన్లో కూడా పెట్టియే సునీతా" అంది మరియమ్మగారు.

సునీత కళ్లనీళ్లతో నా దగ్గరికొచ్చింది. "నాకోసం ఇలాగ ఎవులూ ప్రార్థన చెయ్యనేదు అన్నయ్యా. మీ పెన్‌డ్రైవ్ ఎక్కడ గుచ్చాలో ఈళ్లకి తెలీదు. ఆ పాటలు నాకియ్యండి. నా ఛానల్లో మీ పేరుతోనే పెడతాను, ఠీక్ హై?"

"ప్రార్థించి చెబుతానమ్మా" అన్నాను.

ఇంకా మోకరించలేదు. అసూయ ఎముకలకు కుళ్లు అని బైబిల్ వాక్యం తీసి వారం వారం ఊరందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడేమో ఆమె పాట నాలుగోసారి వింటున్నాను. ఎక్కడో ఒకచోట శ్రుతి తప్పే ఉంటుంది. అది దొరికాక మోకరిస్తాను.