మూడో నంబరు చుట్ట

ఆదివారం, ఫిబ్రవరి పదకొండు
పొద్దున్న ఎనిమిదిన్నర

చిరంజీవి తుమ్ములమ్మకి,

అమ్మమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. నేను కులాసా. నా మోకాలు కులాసా కాదు గానీ, అది నీ ఉత్తరం కంటే ముందునుంచీ ఉన్న జబ్బు కనక ఆ నేరం నీ మీద మోపను. మీ అమ్మ కూడా కులాసాయే. కర్టెన్లన్నీ పొగ కంపని పొద్దున్నే ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఆ మాత్రం ఓపిక ఉన్న మనిషికి ఏ రోగమూ లేనట్టే.

ఇక నీ ఉత్తరం. అందులో మొదటి వాక్యమే తప్పు. నేను నీకు తొంభై రెండు మార్కులు వేశానని రాశావు. నేను నీకేమీ వేయలేదు. నాలుగో నంబరు చుట్టకి వేశాను. ఈ రెంటికీ తేడా తెలియనిదానివి చుట్టల కార్ఖానాలో పనెలా చేస్తున్నావు?

రెండో తప్పు, అసలు ఉత్తరం రాయడం. రెండు వీధుల అవతల గదిలో ఉంటావు. నడిచొస్తే ఏడు నిమిషాలు. ఎదురెదురుగా కూర్చుని తిట్టుకోవడానికి ఇంతకంటే అనువైన దూరం ఎక్కడుంటుంది? అది మానేసి నాలుగు పేజీలు నింపి, మడిచి, జిగురంటించి, మీ అమ్మ చేతికిచ్చి పంపుతావా? రోజంతా పెట్టెలు సర్ది అలిసిపోయి వచ్చే మనిషి నీ అలకలు కూడా మోయాలా? సరే. కాగితం మీదే పోట్లాడతానంటే నాకేం, నీ దస్తూరీ కంటే నా దస్తూరీ బాగుంటుంది.

నువ్వు రాసినదాని సారాంశం ఇదీ. నీ చుట్ట చేతిలోకి రాగానే నేను పోల్చుకున్నాను. మనవరాలివని మార్కులు కుమ్మరించాను. అందుకే మొదటి బల్ల నీకొచ్చింది. అమ్మమ్మ చంకెక్కి బల్లెక్కిందని కార్ఖానా అంతా అంటోంది. కాబట్టి మంగళవారం నీ పేరు బోర్డు మీద పెట్టగానే అందరి ముందూ నిలబడి, నాకొద్దీ బల్ల అని చెప్పేస్తావు. ఆ తర్వాత ఈ ఇంటి గడప తొక్కవు.

గడప సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ గదిలో ఏం జరిగిందో చెబుతాను, కుదురుగా కూర్చుని చదువు. మధ్యలో లేచి అద్దం ముందుకెళ్లి ఏడవకు. చిన్నప్పటినుంచీ నీకా అలవాటుంది.

కిటికీ పక్క ఉన్న ఆ మొదటి బల్ల ఖాళీ అయి మూడు నెలలైంది. ఖరీదైన పెట్టెల్లోకి వెళ్లే పెద్ద చుట్టలు చుట్టేది దాని మీదే కనక ఐదుగురు పోటీకి దిగారు. అందరికీ ఒకే మూటలోంచి ఆకు ఇచ్చారు. తలా అరడజను చుట్టారు. పేర్లు దాచేసి, వెలిగించే కొసకి దారంతో నంబరు కట్టి మేడ మీదికి పంపారు. రుచి చూసేవాళ్లం ముగ్గురం: పెద్ద మేస్త్రీ, సరుకు కొనే కంపెనీ తరఫున వచ్చిన కోటు పెద్దమనిషి, నేను. ఒక్కొక్కరికీ ఒక్కో నంబరు నుంచి ఒక్కో చుట్ట, పూటకొకటి చొప్పున. రెండున్నర రోజులు పట్టింది. తెల్లగుడ్డ పరిచిన బల్ల, మంచినీళ్ల గ్లాసు, నాలుక కడుక్కోవడానికి ఎండు రొట్టె ముక్క. బూడిద గాలికి రాలకూడదని కిటికీ మూసేశారు. ఆ పొగలో రెండున్నర రోజులు కూర్చున్నది నీ మీద ప్రేమతో అనుకుంటున్నావు చూడు, దానికి నాకు నవ్వొస్తోంది.

ఆ కోటాయన గురించి చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. చుట్ట వెలిగించగానే కళ్లు మూసుకుంటాడు. కాసేపటికి తెరిచి, ఇందులో పాత తోలు కుర్చీ ఉందండీ అంటాడు. ఇంకోదాంట్లో వాన వెలిసిన అడవి ఉందట. ఐదోదాంట్లో గ్రంథాలయం ఉందట. చందా కట్టాలా, ఊరికే చదువుకోనిస్తారా అని అడిగాను. పెద్ద మేస్త్రీ దగ్గొచ్చినట్టు నటించాడు. నోట్లో తిప్పుకుని వదిలేయాల్సిన పొగని ఈయన గుండెల దాకా పీల్చి నిజంగానే దగ్గుతాడు. ఒక చుట్ట బూడిదని మూడో దమ్ముకే కోటు మీద రాల్చుకుని, కాలడం సరిగ్గా లేదని దాని మీదే తప్పు రాశాడు.

మేస్త్రీది ఇంకో రకం తలనొప్పి. ఆయన అందరికీ ఎనభైకీ ఎనభై ఐదుకీ మధ్యలోనే వేస్తాడు. ఎవరితోనూ మాట పడకుండా పింఛను దాకా చేరాలన్నది ఆయన జీవితాశయం. ఎనభై నాలుగుకీ ఎనభై రెండుకీ తేడా ఏమిటో చెప్పండి మేస్త్రీగారూ అని అడిగితే, రెండమ్మా అన్నాడు.

ఇలాంటి ఇద్దరి మధ్య కూర్చుని నేను నాలుగో నంబరు చేతిలోకి తీసుకున్నాను. కొస కోసి, వెలిగించకముందే ఖాళీగా ఒకసారి లాగి చూశాను. గాలి మీదికి తోసుకు రాలేదు, బతిమాలించుకోనూ లేదు. అడిగినంత ఇచ్చింది. వెలిగించాక నిప్పు చుట్టూ ఒకే గీతలా దిగింది. బూడిద బొటనవేలంత పొడుగు నిలబడింది. మొదట్లో వేయించిన గింజల వాసన, సగానికి వచ్చేసరికి పల్చటి తీపి, చివర మిరియపు ఘాటు. అదీ నాలుక మీదే, గొంతులో గోకకుండా. పెన్సిలు పట్టుకుని ఎక్కడ మార్కు తెగ్గోద్దామా అని వెతికాను. నా సంగతి నీకు తెలుసు, మంచినీళ్లలో కూడా ఒకటో రెండో తగ్గిస్తాను. పై ఆకు మీద ఒక ఈనె కాస్త లావుగా కనిపించింది. దానికి కోసినవి కోసి, తొంభై రెండు వేశాను. ఈ ఏడెనిమిదేళ్లలో నేను వేసిన పెద్ద మార్కు అదే. ఐదేళ్ల వయసులో ఆకు కొట్టులోకి తీసుకెళితే వరసగా పద్దెనిమిది తుమ్ములు తుమ్మి అందరి చేతా తుమ్ములమ్మ అనిపించుకున్న పిల్ల, ఇవాళ నా నాలుకకి పక్షపాతం అంటగడుతోంది!

మూడో నంబరుకి డెబ్బై తొమ్మిది వేశాను. కారణం కాగితం మీద రాశాను: సగం దాటాక లాగుడు బిగుతు. దాని గురించి ఇంతకంటే రాయడానికేం లేదు.

ముగ్గురి మార్కులూ కూడితే నాలుగో నంబరుకి రెండు వందల అరవై మూడు, మూడో నంబరుకి రెండు వందల యాభై ఏడు. మిగతావి ఎక్కడో కింద. అప్పుడు కదా మేస్త్రీ పేర్ల కాగితం విప్పింది. నాలుగు నువ్వు, మూడు కార్ఖానాలో మీరంతా ఎడంచేతి పిన్ని అని పిలిచే ఆవిడ.

ఆవిడ గొడవపడలేదని నువ్వే రాశావు. నిజమే. తను చుట్టలు చుట్టే పలక తుడుచుకుని, కత్తి కడిగి, మేడెక్కి నా దగ్గరికి వచ్చింది. నీలాగా నాలుగు పేజీలు రాయలేదు. పెద్దమ్మా, బిగుతు ఎక్కడ వచ్చిందో చెప్పండి, చెయ్యి దిద్దుకుంటాను అంది. అంతే. లోపలి ఆకు కాస్త తగ్గించి చూడమ్మా అన్నాను. సరేనని దిగి వెళ్లింది. నలభై దాటిన మనిషి, ఓడిపోయిన రోజున, ఎలా అడిగిందో చూడు. ఇరవై ఆరేళ్ల నువ్వు, గెలిచి, ఎలా రాశావో చూడు.

కాబట్టి నేను చెప్పేదేమిటంటే, మంగళవారం నాటకాలాడకు. త్యాగం చెయ్యాలనుకునేవాళ్లు ముందు ఆ వస్తువు తమదో కాదో చూసుకోవాలి. అందరి ముందూ నిలబడి వద్దన్నావంటే, అమ్మమ్మ పక్షపాతంతో ఇచ్చిందని నువ్వే ముద్ర గుద్దినట్టు. నీ మీద నీకు లేని నమ్మకానికి నా నాలుకని బలిపెట్టకు. ముప్ఫై ఏళ్లుగా ఆ మేడ మీద రుచి చూస్తున్నాను. తెలిసినవాళ్ల చుట్టకి తెలిసినట్టు మార్కు వేసిందన్న మాట నేను ఒక్కనాడూ పడలేదు. ఇంటికి రావడం మానేస్తానన్నావు. మానెయ్. నీ వాటా కాఫీ మీ అమ్మ తాగుతుంది.

ఇట్లు,
నీ మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో బాగా తెలిసిన
అమ్మమ్మ

తా.క. పైదంతా రాసి, మడిచి, కవరుకి జిగురు రాస్తుండగా మీ అమ్మ వచ్చి ఒక మాట చెప్పింది. పిన్ని బుధవారం నుంచీ లోపలి ఆకు తగ్గించి చుడుతోందట. చుట్టలు వేలితో నొక్కితే కుంగుతున్నాయట. పదకొండేళ్లలో మొదటిసారి మేస్త్రీ ఆవిడ కట్టలు రెండు వెనక్కి పంపాడట. ఆవిడ కంగారుపడి ఇంకా వదులు చేస్తోందట. అది విన్నాక కవరు మళ్లీ విప్పాను.

మూడో నంబరు చుట్టలో బిగుతు లేదు.

నోట్లో పెట్టుకునే కొసని నేను చూశాను. గుండ్రటి ఆకు ముక్క అంటించకుండా, పై ఆకు చివరనే మూడు మెలికలు తిప్పి లోపలికి దోపిన కొస అది. ఈ కార్ఖానాలో అలా మూసేది నేనొక్కదాన్నే. నీకు నేర్పింది నేనే, మన వంటింటి బల్ల మీద. పేర్లు దాచారు, నంబర్లు కట్టారు, కొసల సంగతి ఎవరికీ తట్టలేదు. దాన్ని కోసేది రుచి చూసేవాళ్లే కదా, కోసేముందు చూడకుండా ఎలా ఉంటాం? అది నీ చుట్టే అనుకున్నాను. చేతిలోకి రాగానే పోల్చుకున్నానని రాశావే, ఆ మాట నిజం. పోల్చుకున్నది తప్పు, అంతే తేడా.

తాగి చూసి ఎనభై ఎనిమిది వేశాను. కాగితం మీద రాశాను కూడా. ఆ తర్వాత, మనవరాలికి వేసుకుందని ఎవరైనా అంటారేమోనని, రబ్బరుతో చెరిపి డెబ్బై తొమ్మిది చేశాను. కారణం రాయాలి కనక బిగుతు అని రాశాను. నిన్ను పైకెత్తానంటున్నావు. పిచ్చితల్లీ, నిన్ను కిందికి దించడానికే తొమ్మిది మార్కులు కోశాను. నీ కష్టం కంటే నా పేరే నాకు ముద్దొచ్చింది. ఆ కోత కాస్తా పోయి ఆవిడ మీద పడింది. తర్వాత ఆవిడ మేడెక్కి వచ్చి అడిగితే, ఆ మొహంలోకి చూస్తూ అదే అబద్ధం మళ్లీ చెప్పాను.

నేను చుట్టే రోజుల్లో ఏళ్ల తరబడి నా ఎదుటి బల్ల దగ్గర కూర్చుని, ఒక్క మాట అడక్కుండా, ఆవిడ నా చేతిని చూసి నేర్చేసుకుంది. నువ్వేమో ఆ మెలిక ఎప్పుడు మానేశావో నాతో చెప్పనైనా లేదు. నాలుగో నంబరు నీది కావచ్చని నాకు తట్టనే లేదు. మేస్త్రీ పేరు చదివితే మళ్లీ చదవమన్నాను. అందుకని ఆ తొంభై రెండు మాత్రం ఎవరి మొహం చూసీ వేసింది కాదు. బల్ల వచ్చినా రాకపోయినా అది నీదే. దాన్ని వద్దనే హక్కు నీకు లేదు.

ఆ తొమ్మిదీ తిరిగి కలిపితే పిన్నికి రెండు వందల అరవై ఆరు. నీకు రెండు వందల అరవై మూడు. వాన వెలిసిన అడవి అని కోటాయన తొంభై మూడు వేసింది మూడో నంబరుకే. ఆయన కరెక్టు, నేను తప్పు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పావుగంట పట్టింది.

కవరులో ఇంకో కవరుంది, పెద్ద మేస్త్రీ పేర. ఉన్నదంతా రాశాను. నా మార్కుల కాగితం కొట్టేసి, తలా మూడేసి చొప్పున మిగిలిన చుట్టలతో మళ్లీ రుచి చూడమన్నాను. నన్ను కూర్చోబెట్టాలో వద్దో ఆయన ఇష్టం. రేపు తొమ్మిదిలోపు ఆయన చేతిలోనే పెట్టు, బల్ల మీద పెట్టి రాకు. బల్ల మీదివి ఆయన చదవడు. దానికంటే ముందు పిన్ని దగ్గర ఆగి, నీ చేతిలో ఏ తప్పూ లేదట, ఎప్పట్లాగే చుట్టమంది పెద్దమ్మ, మిగతాది తనే వచ్చి చెబుతుందట అని చెప్పు. తర్వాత ఆకు కొట్టు గుమస్తా దగ్గరికెళ్లు. ఈసారి చుట్టలు మేడ మీదికి పంపేముందు అన్నిటి కొసలూ అతనే కోసెయ్యాలి. కొత్త బ్లేడుతో, గోరు వెడల్పున, అన్నీ ఒకే కొలత. కోసిన ముక్కలు కిందే పారేయమను, పైకి రాకూడదు. నువ్వు మాత్రం ఆ మిగిలిన చుట్టల పెట్టె ముట్టుకోకు.