నాలుగు గంటల దూరంలో అమ్మ

మార్చి 3, ఆదివారం

ఇది ఇవాళే రాయాలి. రేపటికల్లా మాస్టారు చెప్పిందే కరెక్టని నాకు నేనే నచ్చజెప్పుకుంటాను.

కథ తిరిగొచ్చింది. మాస్టారు రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్, సైన్స్ ఫిక్షన్ పత్రిక ఎడిటర్. ఆయనకి ప్రతి కథతో పాటు ఒక లెక్కల పేజీ పంపాలి. ముందు అదే చూస్తారు. నా కక్ష్య లెక్క, ఆక్సిజన్ లెక్క సరిపోయాయట. కానీ కథలో నెప్ట్యూన్ దగ్గర స్పేస్ స్టేషన్లో ఒక్కతే ఉన్న అమ్మాయి, భూమ్మీది తల్లితో గడగడా మాట్లాడేయడమే కుదరదట. మాట చేరడానికి నాలుగు గంటలు, జవాబుకి ఇంకో నాలుగు. ఇంత చదువుకుని కాంతివేగం మర్చిపోతే ఎలాగమ్మా అన్నారు. సరిచేస్తే మే సంచికలో వేస్తారట. నా మొదటి కథ.

మర్చిపోలేదు. తెలిసే రాశాను. కానీ ఆ మాట అనలేకపోయాను, సాకు చెబుతున్నాననుకుంటారని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. తెలియదనిపించుకోవడమంటే చచ్చేంత భయం.

మార్చి 5

సరిచేశాను. తల్లీకూతుళ్ల మాటలు తీసేసి రికార్డెడ్ మెసేజ్‌లు పెట్టాను. లెక్క చక్కగా కుదిరింది.

మార్చి 6, లంచ్ టైమ్

మా నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో అందరూ కింది అంతస్తులో కలిసి తింటారు. చేరిన కొత్తలో పిలిచారు, పనుందన్నాను. తర్వాత పిలవడం మానేశారు. నీళ్ల శాంపిల్ సీసాల పక్కనే డబ్బా విప్పాను. సీనియర్ అటుగా వెళ్తూ, ఆ సీసాలతోనైనా మాట్లాడు తల్లీ, క్లోరిన్ తగ్గుతుందేమో అన్నాడు. నవ్వాను. పొద్దుట్నించీ నా నోరు తెరుచుకుంది అప్పుడే.

మార్చి 10, ఆదివారం

అమ్మకి చదువు రాదు. నా కథలు ఫోన్లో వింటుంది. పాతది విన్నప్పుడు అడుగడుగునా అడ్డుపడింది. ఏ తల్లయినా అలా అంటుందటే, ముందు తిన్నావా అని అడగదూ, అని తగువేసుకుంది. ఇవాళ సరిచేసింది చదివితే ఊ కొట్టడం కూడా మానేసింది. చివర్లో, ఆ తల్లి పోయిందా ఏంటే అని అడిగింది.

ఉందమ్మా, దూరం అన్నాను. నువ్వు తిన్నావా అంది. ల్యాబ్‌లో అందరం కలిసే తింటాంగా అన్నాను.

మా ఫోన్లో మాట చిటికెలో చేరుతుంది. అబద్ధం కూడా అంతే. ఈ దూరాన్ని లెక్కల పేజీలో ఎక్కడ వేయను?

మార్చి 12

మాస్టారింటికి వెళ్లాను. టీ ఇచ్చి ఓపిగ్గానే చెప్పారు. ఒక్క సూత్రం వదిలేస్తే రేపు ఇంకొకరు మబ్బులెక్కి ఊరేగుతారట. అలాంటివి రాయాలనుంటే దెయ్యాల కథలు రాసుకోమన్నారు.

దారంతా అదే ఆలోచన. దెయ్యాల కథల్లో చచ్చిపోయినవాళ్లు కూడా ఇంటికొచ్చి మాట్లాడతారు. నా కథలో బతికున్న తల్లి మాట్లాడకూడదు. ఆ పిల్లకి ఆక్సిజన్ ఎన్నాళ్లొస్తుందో చెప్పగలను. ఎవరికోసం పీల్చుకుంటోందో చెప్పడానికి చోటు లేదు.

మార్చి 17, ఆదివారం

అమ్మతో చెప్పేశాను, ఒక్కదాన్నే తింటానని.

తెలుసే, అంది. నువ్వు ఆ ఉద్యోగంలో చేరినప్పట్నించీ తెలుసు, అంది.

నా మాట నేను పంపకముందే చేరిపోయింది.

మార్చి 18

మాస్టారికి పంపిన మెసేజ్:

పాత కథే మళ్లీ పంపుతున్నానండీ. లెక్కల పేజీలో చివర ఒక లైను కలిపాను: ‘తల్లి జవాబు కాంతికన్నా ముందే చేరుతుంది. ఇది పొరపాటు కాదు.’ వేస్తారో లేదో 23లోగా చెప్పండి. మర్నాడు ఆదివారం, ఫోన్లో అమ్మ అడుగుతుంది.