మూడో వరుసలో పిగిలిపిట్ట

మార్చి 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక కొబ్బరి చిప్పకు కన్నాలు పెట్టి షేడ్‌నెట్ గుంజకు వేలాడదీశాను. అందులో బొప్పాయి ముక్క. రిటైరై కడియంలో తమ్ముడి నర్సరీకి వచ్చి ఏడాది. బడిగంట లేని పొద్దులు ఇంకా అలవాటు కాలేదు. మొక్కల ఫొటోలకని తమ్ముడు యెహెజ్కేలు కొన్న కెమెరా మూలన పడి ఉంటే తీసుకున్నాను.

పది నిమిషాలకు పిగిలిపిట్ట వచ్చింది. నల్ల జుట్టు, తోక కింద ఎరుపు. ఫొటోలో తోక మాత్రం పడింది.

ఏంటక్కా, దీనికేమైనా సంబంధాలు చూస్తున్నావా అన్నాడు తమ్ముడు. మొహం లేని ఫొటోకి ఎవరొస్తారండీ అంది నర్సరీలో పనిచేసే వీరమ్మ, మొక్కలకు అంటు కడుతూనే.

మార్చి 14, ఉదయం 6.10

మంచు. వరుసలన్నీ నీళ్లలో మునిగి ఉన్నట్టున్నాయి. పిట్టల జంట కొబ్బరిపీచు మోసుకుపోతోంది. బంతిలా కత్తిరించిన ఫైకస్ మొక్కలోకి. మూడో వరుస, చివరి కుండీ.

మార్చి 18

మూడు గుడ్లు. ఊపిరి బిగబట్టి ఒక్క ఫొటో తీశాను.

ఆ వరుసంతా పుణె పార్టీది, ఏప్రిల్ మొదట్లో లారీ అన్నాడు తమ్ముడు. వాడి వంకే చూశాను. అన్నం తింటూ వాడే, సర్లే, అదొక్కటీ వదిలేయమని చెబుతాను, అలా చూడకు, కుండీకి ఏదైనా గుర్తు పెట్టు అన్నాడు.

పాత చీర అంచు చింపి, ఆ కుండీకి కట్టాను. ఎర్ర అంచు.

మార్చి 30, ఆదివారం

పిల్లలు. మూడు నోళ్లు. మూడూ ఫొటోలో పడ్డాయి. చర్చిలో అయ్యగారి ప్రసంగం దేని మీదో గుర్తు లేదు. దేవుడు క్షమించాలి.

ఏప్రిల్ 2

మధ్యాహ్నం కునుకులో ఎవరో నా నోట్లో పండు పెట్టారు. లేచాక నోరు తియ్యగా ఉంది.

ఏప్రిల్ 4, శుక్రవారం, 11.00

చర్చిలో లెంట్ ప్రార్థన కూటం నుంచి వచ్చేసరికి మూడో వరుస లేదు. నేల మీద కుండీల గుండ్రటి తడి మచ్చలు. ఒక్క కుండీ మిగిలింది. గూడున్నది కాదు, దాని పక్కది.

తల్లి చిప్ప మీద వాలి, పండు కరుచుకుని, చివరి మచ్చ మీదికి వెళ్లి, గాల్లో ఆగి, తిరిగి వచ్చింది. పండు నోట్లోనే ఉంది. మళ్లీ వెళ్లింది.

లోడింగ్ మేస్త్రి రాముడిని అడిగాను. ఒకటి వదలమన్నారండి, వదిలామండి, ఎర్రగుడ్డ కట్టింది అమ్ముడైన మొక్క కదండీ టీచరుగారూ, కడియంలో పాలుతాగే పిల్లాణ్ణడిగినా చెబుతాడు అన్నాడు.

కట్టింది నేనే.

అదే రోజు, 5.20

తమ్ముడు డ్రైవరుకు ఫోన్ చేశాడు. లారీ వేమగిరిలో డీజిల్ బంకు దగ్గరుంది. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పావు, గుడ్డ కట్టేముందు ఒక్క మాట అడగలేకపోయావా అక్కా అని అరిచాడు. అరుస్తూనే ఆటో ఎక్కాడు.

మంచం మీద కూర్చున్నాను. ప్రార్థన మొదలుపెట్టి ఆపేశాను. బయట తల్లిపిట్ట అరుస్తూనే ఉంది.

మూడింటికి కుండీ ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. చొక్కా నిండా మట్టి. లారీలో సగం మొక్కలు దింపించాడట. రెండే ఉన్నాయక్కా అన్నాడు, నా వంక చూడకుండా.

ఆ మచ్చ మీదే పెట్టాం. మొదట ఏ కొమ్మ తూర్పుకు ఉండేదో ఫొటోలో చూసి అలాగే తిప్పాం. దూరంగా వచ్చేశాం.

4.50. తల్లి ఆకుల్లోకి దూరింది. కెమెరా నా మెడలో ఉంది. ఎత్తలేదు.

ఏప్రిల్ 5

టీచరుగారూ, ఎర్రచీర మాత్రం కట్టకండి, రాముడు మిమ్మల్నీ పుణె పంపించేస్తాడు అంది వీరమ్మ. నవ్వు వచ్చింది. తర్వాత కళ్లనీళ్లు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

చిప్ప పక్కన మందారకొమ్మ మీద రెండు పిల్లలు. తోకలు ఇంకా రాలేదు. తల్లి పెడుతోంది.

తమ్ముడు టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. మూడోదాన్ని వేమగిరిలో రోడ్డు పక్కన పూడ్చానక్కా అన్నాడు. తెలుసురా అన్నాను.

ఇద్దరం ఆ కొమ్మ వంకే చూస్తూ ఉండిపోయాం, ఇంకా ఎవరో రావలసి ఉన్నట్టు.