ఆర్పీఎం మీటరు విప్పనివ్వకండి

ఏమండోయ్, మెకానిక్ వస్తే కారులో ఆర్పీఎం మీటరు విప్పనివ్వకండి. అది పాడవలేదు. పొద్దున్న డ్యాష్‌బోర్డు కింద దూరి చూస్తే, ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉంది. గరుకు కాగితంతో గీకి బిగించాను, ముల్లు చెంగున లేచింది! ఆ సంబరంలో నేనూ లేచి తల బొప్పి కట్టించుకున్నాను. ముల్లు మళ్ళీ పడిపోతే ఆ వైరు మార్పించండి, చాలు.

కొత్త మీటరు మాత్రం వద్దు. ముల్లు ఆగినప్పుడల్లా మామయ్యగారు "లేవరా కుంభకర్ణా!" అంటూ ఉంగరం ఉన్న వేలితో మీటరు అద్దం మీద కొట్టేవారట, అత్తయ్య చెప్పారు. ఆ గీతలు ఇంకా ఉన్నాయి. ఆయన్ని నేను ఫోటోలో తప్ప చూడలేదు కదా.

అన్నట్టు, నిన్న సిగ్నల్ దగ్గర మీరూ అద్దం మీద కొట్టి అచ్చం అదే మాట అన్నారు. వెనకసీట్లో అత్తయ్య చప్పున కిటికీ వైపు తిరిగిపోయారు.