మూడో అంతస్తు గది

మార్చి 3

రెండు హోటళ్లూ బుక్ చేశాను. తొమ్మిదో తేదీలోగా ఒకటి క్యాన్సిల్ చెయ్యాలి. ఒకటి సిటీలో, నూట ఇరవై ఏళ్ల నాటిది. గది మూడో అంతస్తు, జాలీ తలుపుల లిఫ్ట్. రెండోది పల్లెటూళ్లో, నది ఒడ్డున; అన్నీ కింది గదులే.

పెళ్లిరోజు ఒక వంక. మా ఆయన లిఫ్ట్ మెకానిక్. ఎనిమిది నెలల క్రితం లిఫ్ట్ తిరిగే షాఫ్ట్‌లో నాలుగు గంటలు ఇరుక్కుపోయారు. అప్పటినుంచి ఏ లిఫ్టూ ఎక్కరు, కంపెనీ స్టోర్ రూమ్‌లో కూర్చుని బోల్టులు సర్దుతారు. పదహారున మళ్లీ షాఫ్ట్‌లోకి దిగకపోతే ఉద్యోగం ఉండదని ఉత్తరం వచ్చింది.

మార్చి 4

ఏ హోటలని అడిగాను. నీ ఇష్టం అన్నారు. ఇరవై రెండేళ్లుగా కర్టెన్ల దగ్గర్నుంచి కూరల దాకా ఇదే జవాబు. ఈసారి మాత్రం ఒళ్లు మండింది.

మార్చి 6

అక్క ఫోన్ చేసింది. నది ఒడ్డుకే తీసుకుపోవే, మనిషి కాస్త కుదుటపడతాడు అంది. కుదుటపడతారు, నిజమే. తర్వాత పదహారో తేదీ రాదా? అలాగని లిఫ్ట్ ముందు నిలబెట్టి, ఉన్న ధైర్యం కూడా పోగొడితే?

మార్చి 7

తిండి సయించడం లేదు.

మార్చి 9, ఉదయం 11

చివరికి నదే అనుకున్నాను. పళ్ల డాక్టరు క్లినిక్‌లో రోజంతా ఊళ్లోవాళ్ల అపాయింట్‌మెంట్లు రద్దు చేసేదాన్ని, ఈ ఒక్క ఫోన్‌కి రెండుసార్లు నంబరు తప్పు నొక్కాను.

సిటీ హోటల్ రిసెప్షన్ అమ్మాయి పేరు వినగానే, సార్‌కి ఇంకా డౌట్లున్నాయా మేడమ్ అంది. నిన్న ఈయన ఫోన్ చేశారట. లిఫ్ట్ రోప్‌లు ఎప్పుడు మార్చారు, మోటారు పైనా కిందా అని ప్రాణం తీశారట. ఆఖర్న మెట్లెన్నని అడిగితే పాపం వెళ్లి లెక్కపెట్టొచ్చిందట. అరవై ఎనిమిది.

డౌట్లేం లేవని పెట్టేశాను. నది ఒడ్డు హోటల్ క్యాన్సిల్ చేశాను. తప్పు చేశానేమో.

మార్చి 11

బట్టలు సర్దుతుంటే ఆయన చొక్కాల మధ్య స్క్రూడ్రైవర్. పైన తువ్వాలు కప్పేశాను.

మార్చి 12, సాయంత్రం 4

రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

రాగానే రిసెప్షన్ వదిలేసి లిఫ్ట్ దగ్గరికి నడిచారు. ఎక్కడికెళ్లినా ముందు లిఫ్ట్‌లో తగిలించిన ఇన్‌స్పెక్షన్ కార్డు చదవడం ఆయన అలవాటు. జాలీలోంచే చదివారు. లిఫ్ట్‌మ్యాన్‌తో చెప్పి లిఫ్ట్‌ని ఒకసారి ఖాళీగా పైకి పంపించి, చెవి ఆనించి విన్నారు. మూడో అంతస్తులో తలుపు గడియ సరిగ్గా పడట్లేదు కదా అన్నారు. అవునండీ, రెండుసార్లు లాగాలి అన్నాడు అతను.

తర్వాత సోఫాలో కూలబడ్డారు. నలభై నిమిషాలు. ముఖమంతా చెమట. మెట్లెక్కి పోదాం అన్నాను. నువ్వు నడువు, పెట్టె నేను తెస్తాలే అన్నారు.

ఇక్కడిదాకా వచ్చి ఆగాను. కింద జాలీ తలుపు తెరిచిన చప్పుడు. మళ్లీ ఏమీ లేదు.

4.20

మూడో అంతస్తు. లిఫ్ట్ పక్కన పెట్టె తెరిచి ఉంది, చొక్కాలన్నీ నేల మీద. ఆయన మోకాళ్ల మీద కూర్చుని గడియ బిగిస్తున్నారు. తలెత్తకుండానే, ఇంతసేపా అన్నారు.